రోగులకు గదుల కేటాయింపు

రోగులకు గదుల కేటాయింపు అనగా ఆసుపత్రిలో చేరిన రోగిని ఏ గదిలో, ఎవరి ప్రక్కన ఉంచవలెనో నిర్ణయించుట. నర్సింగ్ విద్యార్థులు నేర్చుకొనే ముఖ్యాంశాలలో ఇది ఒకటి. ఒక వ్యాధికి చికిత్స కొరకు వచ్చిన రోగికి ప్రక్క మంచం నుండి మరొక వ్యాధి సోకకుండా చూచుట దీని ప్రధానోద్దేశము. ఇందులో రెండు ప్రశ్నలు ముఖ్యమైనవి: వ్యాధి ఏ మార్గంలో వ్యాపిస్తుంది? ప్రక్కనున్న రోగికి దానిని తట్టుకొనే శక్తి ఉన్నదా?

వ్యాప్తి మార్గాలు

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 1996లో ప్రకటించి, 2007లో సవరించిన మార్గదర్శకాలలో ఈ మార్గాలు మూడు విధాలు.

* గాలి: ఊపిరితిత్తుల క్షయ, తట్టు, ఆటలమ్మ. వీటికి తలుపు మూసి ఉంచే ప్రత్యేక గది అవసరం. గదిలో గాలి పీడనం వరండాలో కంటే తక్కువగా ఉండాలి. అప్పుడు లోపలి గాలి వరండాలోకి పోదు. క్రొత్తగా కట్టే ఇటువంటి గదులలో గంటకు కనీసం 12 సార్లు గాలి మారాలి.
* తుంపరలు: ఫ్లూ, కోరింత దగ్గు, గవదబిళ్ళలు. ప్రత్యేక గది లేనిచో మంచాల మధ్య కనీసం 3 అడుగుల దూరం, తెర ఉండాలి.
* స్పర్శ: చీము కారే పుండ్లు, క్లాస్ట్రిడియం డిఫిసిలి అనే బాక్టీరియా వలన కలిగే విరేచనాలు. విరేచనాల రోగికి మరుగుదొడ్డి కూడా వేరుగా ఉండాలి. ఈ బాక్టీరియా సిద్ధబీజాలు ఆల్కహాలు ద్రవానికి చావవు కనుక చేతులను సబ్బు, నీటితో కడగాలి.

ఉదాహరణ

ఒక వార్డులో ఒక ప్రత్యేక గది, రెండు మంచాల గది మాత్రమే ఖాళీగా ఉన్నవనుకొందాం. వచ్చిన రోగులు ముగ్గురు: పైన చెప్పిన విరేచనాల రోగి, క్యాన్సర్ మందుల వలన తెల్లరక్తకణాలు తగ్గిన రోగి, ఏ అంటువ్యాధీ లేక కాలు విరిగిన రోగి. బలహీనుడైన క్యాన్సర్ రోగికే ప్రత్యేక గది ఇవ్వాలని మొదట తోచును. అట్లు చేసినచో కాలు విరిగిన వ్యక్తి విరేచనాల రోగితో మరుగుదొడ్డి పంచుకోవలసి వచ్చును. కావున ప్రత్యేక గదిని విరేచనాల రోగికి ఇచ్చి, మిగిలిన ఇద్దరిని ఒకచోట ఉంచుట సరియైనది. గదులు చాలినన్ని ఉన్నచో క్యాన్సర్ రోగికి కూడా వేరు గది ఇవ్వడం మేలు.

ఇతర జాగ్రత్తలు

ఒకే సూక్ష్మజీవి సోకిన ఇద్దరిని ఒకే గదిలో ఉంచవచ్చును. లక్షణాలు ఒకటైనంత మాత్రాన వ్యాధి ఒకటి కాదు. సాధారణ క్షయ రోగిని, మందులకు లొంగని క్షయ గల రోగిని కలిపి ఉంచరాదు. క్షయ అనుమానం ఉన్నప్పుడు కఫ పరీక్ష ఫలితం వచ్చే వరకు ఆగక, ముందే వేరుచేయాలి. మతి స్థిమితం లేక పడిపోయే ప్రమాదమున్న రోగికి నర్సుల బల్లకు దగ్గరగా, కనిపించే గది ఇవ్వాలి.