పబేడాన్ గదిలో బాల్సా విమానం

రంగూన్ నడిబొడ్డున పబేడాన్‌లో, 1926 నాటి స్కాట్ మార్కెట్‌కు దగ్గర్లోనే మా గది. పగలంతా సిమెంటు, ఇనుము లెక్కలు. రాత్రిళ్లు బాల్సా చెక్కతో చిన్న విమానాలు అతుకుతుంటాం. బర్మా టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు తూగితే, బాల్సా 160 కిలోలే! అందుకే వేలెడంత కరెంటు మోటారైనా దాన్ని లేపేస్తుంది. సైటులో అనుమానం వస్తే ఇంకో కడ్డీ వేస్తాం. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు, జిగురు చుక్కా బరువే.

ఎగరేయడం మాత్రం ఇక్కడొద్దు, తమ్ముళ్లూ! 2017లో నేపిడాలో పార్లమెంటు దగ్గర డ్రోన్ ఎగరేయబోయారని టర్కీ టీవీ బృందంలో నలుగురికి 1934 నాటి విమానాల చట్టం కింద రెండు నెలల జైలుశిక్ష పడింది. 2021లో సైన్యం గద్దెనెక్కాక నిఘా మరీ పెరిగింది. ‘ఇది బొమ్మే సార్’ అంటే వినేదెవరు?

అందుకే మోటారు, బ్యాటరీ, రిమోటు ఊళ్లోనే ఉంచాం. ఇక్కడ బ్యాటరీ తూకానికి సరిపడా మన రూపాయి బిళ్లలు పెట్టి, రెక్క ముందంచు నుంచి పావు, మూడోవంతుల మధ్య రెండు వేళ్లపై నిలబెడతాం. ముక్కు కాస్త కిందికి వంగితే సరే. తోక బరువైతే పల్టీయే. సెలవు దొరగ్గానే రెక్కలు విడదీసి బట్టల మధ్య సర్దుతాం. కోతలైన చేలో, గాలి లేవని పొద్దున్నే ఎగరేస్తాం.