రంగు కింద దాగిన తడి

రమజాన్ నెలవంకకు పది పదిహేను రోజుల ముందే మన ఇళ్లలో సందడి మొదలవుతుంది. షాబాన్ నెల సగం గడిచిందంటే రంగులు వేసే పనివారు దొరకడమే కష్టం. గోడలు కొత్త కళను సంతరించుకుంటాయి, పరదాలు మారుతాయి, వంటింటి డబ్బాలు మెరుస్తాయి. శుభవేళకు ఇంటిని పరిశుభ్రం చేసుకోవాలన్న ఆలోచన ఎంతో మంచిది. కాని ఏడాదికొకసారి వేయించే ఆ రంగునే మనలో చాలామంది ఇంటి మరమ్మతుగా భావిస్తున్నాము. వాస్తవానికి ఎన్నో ఇళ్లలో ఆ రంగు చేస్తున్న పని వేరు. ఇల్లు చెప్పదలచిన మాటను అది కప్పిపెడుతోంది.

మా ఖాలా ఇంట్లో జరిగింది ఇదే. ముప్పై ఏళ్ల కిందట కట్టిన స్లాబు ఇల్లు అది. వెనుక గది పైకప్పు మూలన అరచేయంత తడి మరక కనిపించింది. మొదట చూసింది ఖాలాయే. ఇంటిలోని లోపాలు ముందుగా స్త్రీల కంటబడతాయి, కాని నిర్ణయం పురుషుల చేతిలో ఉంటుంది. ఆ రమజానుకు మరకపై రెండు పూతల రంగు వేయించారు. మరుసటి ఏడు అది పళ్లెమంత అయి తిరిగి వచ్చింది. మళ్లీ రంగు వేయించారు. మూడో ఏట ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ మూల నుండి పెద్ద పెచ్చు ఊడి కింద మంచంపై పడింది. రోజూ ఆ వేళకు ఆ మంచంపై నిద్రించే నాలుగేళ్ల మనవడు ఆ రోజు దాదాతో కలిసి జుమా నమాజుకు వెళ్లాడు. అల్లాహ్ దయ వల్ల పిల్లవాడు దక్కాడు.

పెచ్చు ఊడిన చోట ఇనుప చువ్వలు పొరలు పొరలుగా విచ్చుకుని కనిపించాయి. స్లాబు అడుగున చువ్వలను కప్పి ఉంచే కాంక్రీటు మందం సాధారణంగా రెండు సెంటీమీటర్లు మాత్రమే. కాంక్రీటుకు సహజంగా ఉన్న క్షారగుణం ఆ ఇనుమును తుప్పు నుండి కాపాడుతుంది. ఏళ్ల తరబడి గాలి, నీరు లోపలికి చొరబడితే ఆ రక్షణ పోతుంది. తుప్పుగా మారిన ఇనుము అసలు పరిమాణానికి రెట్టింపుకు మించి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి, చివరకు రాలిపడుతుంది. మచిలీపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాలలో ఉప్పుగాలి తోడై ఇది మరింత త్వరగా జరుగుతుంది.

మేస్త్రీ డాబా ఎక్కి చూడగా అసలు కారణం తెలిసింది. వాననీరు దిగే గొట్టం నోరు వేపాకులతో పూడుకుపోయింది. నీరు రోజుల తరబడి నిలిచి, పిట్టగోడ, స్లాబు కలిసే చోట ఏర్పడిన సన్నని బీటలోనికి ఇంకింది. ఆ బీటలోనే ఒక రావి మొక్క వేరు దించింది. మొదటి ఏటనే ఆకులు తీసి, మొక్కను వేరుతో పెకలించి, బీట పూడిపించి ఉంటే ఒక పూట పనితో ముగిసేది. ఇప్పుడు వదులైన కాంక్రీటును చెక్కి, చువ్వల తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత పూసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చవలసి వచ్చింది. పైన నీరు దిగకుండా మరొక పూత. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన రమజాన్ చాంద్రమానం ప్రకారం ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. ఒకప్పుడు వేసవిలో, మరొకప్పుడు చలికాలంలో రంగులు వేయిస్తాము. వానలు అలా జరగవు. రెండు తెలుగు రాష్ట్రాలకూ నైరుతి వానలు సాధారణంగా జూన్ మొదటి పక్షంలో వస్తాయి. కనుక పండుగ ఎప్పుడు వచ్చినా, డాబాను మాత్రం మే నెలలోగా ఒకసారి చూసుకోవాలి. నెల్లూరు వైపు వారికి అక్టోబరు, నవంబరు వానలే ఎక్కువ కాబట్టి సెప్టెంబరులో రెండోసారి ఎక్కడం మేలు. పెద్ద విద్య ఏమీ అక్కరలేదు. గొట్టం దగ్గర ఒక బకెట్ నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో చూడండి. గదిలో పైకప్పును కర్రతో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట మంచం, ఊయల ఉంచకండి, మేస్త్రీని పిలవండి. ఎండలో పూసిన సిమెంటుకు తడి గోనెపట్టాలు కప్పకపోతే కొత్త బీటలు వస్తాయని మరువకండి.

నీటి ట్యాంకుకూ సులువైన పరీక్ష ఉంది. ఇషా నమాజు తరువాత మోటారు, కుళాయిలు కట్టివేసి నీటిమట్టం వద్ద గుర్తు పెట్టండి. ఫజ్ర్ వేళకు మట్టం తగ్గి ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. క్షణానికొక చుక్క కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు పోగొడుతుంది. దైవప్రవక్త (స) ఒక ముద్, అంటే రమారమి ముప్పావు లీటరు లోపు నీటితో వుజూ చేసేవారని హదీసులలో ఉంది. మన వుజూ కుళాయి కింద ఒక రాత్రి గిన్నె ఉంచి చూస్తే, ఎన్ని వుజూల నీరు పోతోందో తెలుస్తుంది. మార్చవలసింది చాలాసార్లు ఒక చిన్న రబ్బరు వాషరే.

తలుపు చట్రాల వెంట మట్టి గీతలు కనిపిస్తే అవి చెదలు. తుడిచివేస్తే పోవు, మందు వేయించాలి. కరెంటు బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే దాని పరీక్ష మీటను నెలకొకసారి నొక్కాలి. సరఫరా ఆగకపోతే ఎలక్ట్రీషియనును పిలిపించాలి.

సెప్టిక్ ట్యాంకు సంగతి వేరు, అది డబ్బుకు మించినది. రెండు మూడేళ్లకొకసారి యంత్రంతో తోడించాలి. పొంగేదాకా ఆగి, చివరకు ఎవరో పేదవానిని లోనికి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువులకు నిమిషాలలో ప్రాణం పోతుంది. మన బద్ధకానికి మరొకరి ఇంట చావు జరగడాన్ని ఏ ధర్మం ఒప్పుతుంది?

అద్దెకుండేవారు మరక కనిపించిన రోజే యజమానికి తెలపాలి. యజమాని కూడా "ఖాళీ చేశాక చూద్దాం" అనరాదు. ఆ కప్పు కింద నిద్రించేవి అద్దెవారి బిడ్డలైనా, రాలిపడే పెచ్చుకు ఆ తేడా తెలియదు.

ఖాలా ఇంట్లో ఈ రమజానుకు అన్ని గదులకూ రంగులు వేశారు, వెనుక గది పైకప్పు తప్ప. బూడిదరంగు అతుకు అలాగే ఉంది. ఒక వానాకాలం గడిచి, మరక తిరిగి రాలేదని తేలేదాకా దానిపై రంగు పూయవద్దని మేస్త్రీ చెప్పాడు. ఈద్ రోజున వచ్చిన బంధువులు అదేమిటని అడిగితే, ఖాలా వారిని తీసుకువెళ్లి చూపిస్తోంది.