చలికాలంలో దొండ తీగ: నిద్రావస్థయా, మరణమా?

నెల్లూరు జిల్లాలో ఈశాన్య ఋతుపవన వర్షాలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తాయి. వాటి వెంటే చలి ప్రవేశిస్తుంది. ఈ కాలంలో పెన్నా తీరాన గల సంగం పరిసరాలలో పెరటి పందిళ్ళపై దొండ తీగ ఎండినట్లు కనిపించడానికి రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది, చలికి పెరుగుదల నిలిచి తీగ నిద్రావస్థకు చేరడం. రెండవది, నీరు నిలిచి వేరు కుళ్ళడం. పైకి రెండూ ఒకే తీరుగా ఉంటాయి.

పరీక్షను కొన నుండి మొదలు వైపునకు జరపాలి. కొనలు ఎండినా మొదలు సజీవంగా ఉండవచ్చు. బెరడును గోటితో గీరినపుడు లోపల పచ్చదనం, తడి కనిపిస్తే ఆ భాగంలో జీవమున్నట్లే. పొడిగా, గోధుమ రంగులో ఉండి వంచగానే విరిగితే అది చనిపోయిన భాగం. మొదలులోనూ పచ్చదనం లేకపోతే మట్టి తొలగించి వేరును చూడాలి. గట్టిగా ఉన్న వేరు నుండి తిరిగి చిగుళ్ళు రాగలవు. మెత్తబడి దుర్వాసన వేసే వేరు కుళ్ళినదే.

ఆకులు లేని తీగ నీటిని స్వల్పంగానే వినియోగించుకుంటుంది. కనుక ఎండిన భాగాలను కత్తిరించి, తడిని పరిమితం చేసి, ఎండలు ముదిరే వరకు వేచి ఉండాలి. దొండలో ఆడ, మగ తీగలు వేరువేరు. విత్తనం నుండి మగ తీగ రావచ్చు. కాపునిచ్చే ఆడ తీగను తొందరపడి పెకలించరాదు.