మీకు తెలుసా? పతకాల రవికుమార్‌లు!

గంజాం జిల్లా బరంపురానికి చెందిన వెయిట్ లిఫ్టర్ కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం సాధించారు. మధ్యలో 2011లో అర్జున అవార్డూ అందుకున్నారు. ఇదే పేరుతో వెలుగొందినవారు ఇంకా ఉన్నారు:

• షూటర్ రవి కుమార్: 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం.

• హర్యానా రెజ్లర్ రవి కుమార్ దహియా: టోక్యో ఒలింపిక్స్‌లో 57 కిలోల విభాగంలో రజతం, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం.

• సినీ దర్శకుడు కె.ఎస్. రవికుమార్: తెలుగులో చిరంజీవితో ‘స్నేహం కోసం’ (1999), బాలకృష్ణతో ‘జై సింహా’ (2018) తీశారు.

అంటే, ముగ్గురు క్రీడాకారులూ కామన్వెల్త్ పతక విజేతలే. వారిలో ముందుగా స్వర్ణం తెచ్చిన ఘనత మన బరంపురం బిడ్డదే!