చేజారిన సీటు కోసం అర్జీ పెట్టేటప్పుడు

2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత విద్యార్థికి ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. 24వ తేదీ సాయంత్రం 5 గంటల్లోగా 17,500 రూపాయలు కట్టాలి. తండ్రి దినసరి కూలీ. డబ్బు సమకూడేసరికి పావుగంటే మిగిలింది. ఆన్‌లైన్‌లో వివరాలు నింపుతుండగానే గడువు దాటిపోయింది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లే రాయనిస్తారు, అతనికది రెండోసారి.

ఎస్సీ కమిషన్‌కు చెప్పుకున్నాడు. జార్ఖండ్ న్యాయసేవల సంస్థను అడిగాడు. ఆ ఏడాది పరీక్ష నిర్వహించింది ఐఐటీ మద్రాస్ కాబట్టి మద్రాస్ హైకోర్టుకూ వెళ్లాడు. చివరికి సుప్రీంకోర్టు సెప్టెంబర్ 30న, రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద, అదే బ్యాచ్‌లో చేర్చుకోమంది. వేరొకరి సీటు తీసేయకుండా, అదనంగా ఒకటి ఏర్పాటు చేసి ఇమ్మంది.

ఇది చదివి, కష్టం చెప్పుకుంటే సీటు తిరిగొస్తుందని అనుకోకండి. ఆ అబ్బాయికి ర్యాంకు ముందే ఉంది. పేదరికం అడ్డుపడింది ఫీజు కట్టడం దగ్గరే. 2021లో ఐఐటీ బాంబేలో సీటు వచ్చిన మరో దళిత విద్యార్థికి కార్డు చెల్లింపు సాంకేతిక లోపంతో ఆగిపోయినప్పుడూ ఇంతే, సీటు అప్పటికే అతనిది. బాంబే హైకోర్టు కాదన్నా సుప్రీంకోర్టు ఇప్పించింది. పరీక్షకు ముందు ఇంట్లో చావు జరిగి మార్కులే తగ్గితే మాత్రం మన కౌన్సెలింగ్‌లో ర్యాంకు మార్చే వీలు లేదు. ఆ పిల్లల్ని చూస్తే గుండె తరుక్కుపోతుంది. అయినా ఆశ పెట్టి తిప్పడం అంతకన్నా అన్యాయం.

అమెరికాలో తీరు వేరు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు అప్పీలు తీసుకుంటాయి గానీ, మొదటి దరఖాస్తులో లేని కొత్త, బలమైన సమాచారం ఉండాలంటాయి. అక్కడ విద్యార్థి జీవిత పరిస్థితులనూ చూస్తారు కాబట్టి, ముందు చెప్పలేకపోయిన జబ్బుకో కుటుంబ విపత్తుకో చోటుంటుంది. చెప్పిందే మళ్లీ చెబితే ఫలితం ఉండదు.

మన దగ్గర తప్పు అధికారులదైతే మరో దారి ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఎస్. కృష్ణ శ్రద్ధ కేసులో 2019 డిసెంబర్ 13న ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఎంబీబీఎస్ సీట్ల గురించి తేల్చిచెప్పింది: ప్రతిభ ఉండి, తన తప్పేమీ లేకుండా సీటు కోల్పోయి, ఆలస్యం చేయకుండా కోర్టుకొచ్చిన విద్యార్థికి నష్టపరిహారంతో సరిపెట్టనక్కర్లేదు. అరుదైన సందర్భాల్లో అదే ఏడాది సీటు ఇప్పించవచ్చు, కుదరకపోతే వచ్చే ఏడాది. ఇందులో ‘ఆలస్యం చేయకుండా’ అన్న షరతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. తరగతులు మొదలై నెలలు గడిచాక ఎంత న్యాయమైన అర్జీ అయినా బలహీనపడుతుంది.

కాబట్టి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఫీజు గడువో సెల్ఫ్ రిపోర్టింగో తప్పిపోతే, తెలిసినవాళ్ల ద్వారా చెప్పిద్దామని కూర్చోకుండా ఆ రోజే కన్వీనర్ కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, అందినట్టు రసీదు తీసుకోండి. అర్జీ ఒక పేజీ చాలు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏం జరిగింది, ఏం కోరుతున్నారు అన్నవి అందులో ఉండాలి. చెల్లింపు ఆగిపోతే బ్యాంకు మెసేజ్, స్క్రీన్‌షాట్. ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ. మరణమైతే ధ్రువపత్రం జతచేయండి. దుఃఖంలో ఉన్న ఇంట్లో కాగితాలు దాచమనడం కఠినంగా వినిపిస్తుందని తెలుసు. ఆ పని మేనమామో, స్నేహితుడో, టీచరో మీదేసుకోవాలి.

లాయర్ ఖర్చుకు భయపడి ఆగిపోయేవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

అప్పీలు నడుస్తుండగా చేతిలో ఉన్న మరో సీటును వదులుకోవద్దు. అందులో చేరితే అర్జీకి ఇబ్బందేమోనన్న అనుమానం ఉంటే, ఫీజు కట్టకముందే మీ అర్జీ చూస్తున్న లాయర్‌నే అడగండి.