రాలినదల్లా పాలపన్ను కాదు

ఆడికృత్తికకు తిరుత్తణి కొండ ఎక్కేటప్పుడు మన పిల్లలు ఆ 365 మెట్లూ నడుస్తారా? పరుగే. అమావాస్యనాడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేటిగట్టునా అంతే. తడిమెట్లమీద చెయ్యి వదలకండి.

ఎనిమిదేళ్లవాడు బోర్లపడి పైపన్ను ఊడగొట్టుకుంటే, "పోనీలే, మళ్లీ వస్తుంది" అంటాము. పాలపన్నయితే నిజమే, పేడలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరవచ్చు. దానిని తిరిగి చిగుట్లో పెట్టరాదు. లోపల పెరుగుతున్న పన్ను చెడుతుంది. కాని ఏడెనిమిదేళ్లకు వచ్చే పైముందుపళ్లు శాశ్వతమైనవి. అవి పోతే మళ్లీ మొలవవు.

అటువంటి పన్నును పైభాగాన మాత్రమే పట్టుకోవాలి. వేరును గీకరాదు, కొంగుతో తుడవరాదు. దానినంటుకున్న సన్నని కణజాలమే మళ్లీ పట్టు కుదిర్చేది. మట్టి అంటితే పాలతో తొలిపి, వెంటనే గుంటలో నిలిపి, శుభ్రమైన గుడ్డ కరిపించాలి. పిల్లవాడు చెయ్యి పెట్టనీయకపోయినా, అది ఏ పన్నో మీకు తేలకపోయినా, చల్లని పాలలో వేసి దంతవైద్యుని వద్దకు పరుగెత్తండి. కొండకింద పాలు దొరకకపోవు గదా! మంచినీళ్లలో మాత్రం నానవేయకండి. అరగంటలోపు పెడితే బతికే ఆశ మెండు. గంట దాటితే సన్నగిల్లుతుంది. చెన్నపట్నం రైలుకోసం కాచుకునే వ్యవధి లేదన్నమాట. మీ ఊళ్లో దంతవైద్యుడు ఏ వీథిలో ఉన్నాడో, ఏ వేళ దొరుకుతాడో ఇప్పుడే కనుక్కోండి.

పిల్లవాడు స్పృహ తప్పినా, వాంతి చేసుకున్నా ముందు పెద్దాసుపత్రి. పన్ను సంగతి ఆ తరువాత.