ఇంటి పన్ను సరే, లెక్క అడుగుతున్నామా?

వాడరేవు పక్కనున్న చీరాలలో వందేళ్ల కిందట పన్ను మీద పెద్ద పోరాటమే నడిచింది. చీరాల, పేరాల యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాది పన్ను 4,000 రూపాయలు. 1919లో తెల్లోళ్లు మునిసిపాలిటీ చేశాక 40,000కి పోయింది. నేతగాళ్లు ఎక్కువున్న ఊరు, యాడ్నించి తెస్తారు? అర్జీలు పెట్టినా వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది ఇళ్లొదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలేసుకుని 11 నెలలున్నారు.

వాళ్లు పన్ను ఎగ్గొట్టేవాళ్లు కాదు. యూనియన్ పన్ను కట్టినోళ్లే. మోయలేని పన్ను, జనం మాట వినకుండా వేయడమే అన్యాయమన్నారు.

ఇయ్యాల పంచాయతీ పన్నుకీ అదే కొలత. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కొత్త పన్నులు, పెంపులు, ఏడాది జమాఖర్చులు గ్రామసభ ముందుకు రావాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రసీదు పట్టుకుని సభకి పోండి. ఏ ఇంటికి ఎంత వేశారో, ఆ డబ్బు ఏ వీధి కాలవకి పెట్టారో అడగండి.